తొమ్మిదో నంబరు ఫైలు

లా కాలేజీ హాస్టల్, పదకొండో గది
జూలై 9

అక్కా,

క్షేమంగా చేరాను. గదిలో గాలి బాగానే వస్తుంది. బావ పెట్టెకి కట్టిన తాడు విప్పడానికి నేనూ, గదిలో ఉండే అమ్మాయీ గంటసేపు కుస్తీ పట్టాం. నట్టు బిగించినట్టు బిగించాడని చెప్పు.

ఇక అసలు సంగతి. నాకు భయంగా ఉందక్కా. దేశ భద్రతా చట్టాలు చెప్పే ప్రొఫెసరు గురించి సీనియర్లు చెబితే నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ నలగని చొక్కాతో వస్తారు. గొంతు పెంచరు. ఎవరో ఒకర్ని లేపుతారు. మొన్న మొదటి బెంచీ అబ్బాయి వంతు.

"సార్, ఇతను ప్రమాదకరమైన మనిషి."

"ఎలా తెలుసు?"

"పోలీసులు రాశారు సార్."

"వాళ్ళకెలా తెలుసు?"

"ఎవరో చెప్పారు సార్."

"ఆ ఎవరికో ఎలా తెలుసు?"

యాభై నిమిషాలు ఇదే వరస. చివరికి పాపం ఆ అబ్బాయి "నాకు తెలీదు సార్" అన్నాడు. "మరి మనిషిని లోపల ఎలా వేశావు?" అని పుస్తకం మూసి వెళ్ళిపోయారు. మేమంతా ఆయనకి 'ఎలాతెలుసు' అనే పేరు పెట్టాం.

విచారణ లేకుండా మనిషిని జైల్లో ఉంచే నిర్బంధ ఉత్తర్వులుంటాయి కదా. అలాంటివి నిజమైనవే, పేర్ల మీద నల్ల సిరా పూసి, తలా ఒక ఫైలు ఇచ్చారు. బయటివాళ్ళకి చూపించబోమని సంతకాలు కూడా తీసుకున్నారు. నాది తొమ్మిదో నంబరు. అక్టోబరులో ప్రభుత్వం తరఫు వకీలులా నిలబడి, ఆ ఉత్తర్వు సరైనదేనని ఒప్పించాలి. నువ్వు పదహారేళ్ళుగా అలాంటి ఆఫీసులోనే టైపు చేస్తున్నావు. ఆ కాగితాలు ఎలా చదవాలో కాస్త చెప్పు. లేకపోతే ఆయన ముందు నా నోరు పెగలదు.

నీ చెల్లి

*

క్వార్టర్స్, మూడో వరుస
జూలై 20

పిచ్చి పిల్లా,

నీ ఉత్తరం చదివి మీ బావ పడీపడీ నవ్వాడు. వాళ్ళ బస్సు డిపో మేనేజరు కూడా అలాగేనట. బ్రేకు పడలేదంటే ఎలా తెలుసు అంటాడట. గోడకి కొట్టి చూపించమంటారా అని అడిగి మీ బావ ఓసారి సంజాయిషీ రాసుకున్నాడు.

నన్ను ఆఫీసు సంగతులు అడక్కు. చేరిన రోజే ప్రమాణం చేయించారు. అయినా నాకు తెలిసిందేముంది? చదివేది వేళ్ళు, కళ్ళు కాదు. సాయంత్రానికి పొద్దున ఏం కొట్టానో గుర్తుండదు. అలా గుర్తుండకపోవడం వల్లే అక్కడ నెగ్గుకొస్తున్నాను.

అయితే ఒక్కటి చెబుతాను, ఇందులో రహస్యమేమీ లేదు. మా సెక్షనులో టైపు అయ్యాక ఒకరు అసలు కాగితం పైకి చదువుతారు, ఇంకొకరు నకలు సరిచూస్తారు. కళ్ళతో చదివితే మనసు తప్పుల్ని దాటేస్తుంది. అందుకని పైకి చదువు. వేలు పెట్టి చదువు. అంకెలొస్తే విడదీసి పలుకు. పదిహేడు అనకు, ఒకటి, ఏడు అను. ఇలా చదివితే నీ 'ఎలాతెలుసు' కూడా నిన్ను పట్టుకోలేడు.

వేళకి తిను. జుట్టు ఊడుతోందని మళ్ళీ రాశావంటే నేనే వచ్చి నూనె పెడతాను.

అక్క

*

హాస్టల్
ఆగస్టు 12

అక్కా,

నీ చిట్కా బంగారం. గదిలో అమ్మాయి స్నానానికి వెళ్ళగానే తలుపేసుకుని ఫైలంతా వేలు పెట్టి చదివాను. ఏం దొరికిందో తెలుసా?

పోలీసుల నివేదికలో ఇలా ఉంది: మనిషి పేరు తెలియదు, నలభై ఏళ్ళ ప్రాంతం, ఒకటి, ఏడు నంబరు ఇంటి మేడ మీద ఉంటాడు, అచ్చాఫీసులో పని. ఉత్తర్వులో ఇంటి నంబరు ఏడు, ఒకటి. పోలీసులు ఉత్తర్వు పట్టుకుని డెబ్బై ఒకటికే వెళ్ళారు. ఆ మేడ మీద ఉన్నవాణ్ణి తీసుకెళ్ళారు. అరెస్టు కాగితంలో వృత్తి దగ్గర ఏమని రాశారంటే, కళ్ళద్దాల పనివాడు. ఉత్తర్వులో ఖాళీగా వదిలిన పేరు అప్పుడు నింపారు.

అక్కా, వీళ్ళు వేరే మనిషిని పట్టుకెళ్ళారు. అతను ఇంకా లోపలే ఉన్నాడు. రెండేళ్ళ క్రితం మే నెల ఉత్తర్వు అది. ఆరునెలలకోసారి పొడిగిస్తూ వచ్చారు, ఇప్పటికి నాలుగుసార్లు. నవంబరులో సమీక్ష మండలి కూర్చుని ఐదోసారి చూస్తుంది.

నిద్ర పట్టడం లేదు, కానీ అందులో సగం సంతోషమే, సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టుకోనిది నేను పట్టుకున్నాను. ఆయన "ఎలా తెలుసు" అనగానే రెండు కాగితాలూ పక్కపక్కన పెడతాను.

ఉత్తర్వు కింద ఎడమ మూలన చిన్నగా 'టై.6' అని ఉంది. అదేమిటో నీకు తెలిసే ఉంటుంది. రాయి.

చెల్లి

*

క్వార్టర్స్
ఆగస్టు 24

చెల్లికి,

ఉత్తరం అందింది. ఆ ఫైలు మార్పించుకో. కడుపునొప్పి అని చెప్పు, ఏదైనా చెప్పు.

అంకెలు తారుమారైనంత మాత్రాన మనిషి తారుమారవ్వాలని లేదు. నీ దగ్గర లేని కాగితాలు ఆఫీసులో ఉంటాయి. పెద్దవాళ్ళు అన్నీ చూసుకునే సంతకం పెడతారు. క్లాసులో దీని ఊసెత్తకు. ఉత్తరాల్లో అసలే ఎత్తకు. నీ కవరు అంచు ఉబ్బి ఉంది, విప్పి మళ్ళీ అంటించినట్టు. సరిగ్గా అంటించావా నువ్వు? గుర్తు తెచ్చుకో.

ఈ ఉత్తరం చింపెయ్.

అక్క

*

బస్ డిపో, వర్క్‌షాప్
సెప్టెంబరు 14

మరదలా,

నా దస్తూరీ చూసి నవ్వుకుంటే నవ్వుకో. స్పానరు పట్టే చేతికి కలం ఆనడం లేదు.

మీ అక్కకి ఏమైంది? నువ్వేం రాశావు? నన్నడిగితే ఏమీ లేదంటుంది. పదహారేళ్ళలో మొదటిసారి మూడు రోజులు సెలవు పెట్టింది. జ్వరమా అంటే కాదు. పోస్టుమాను తలుపు కొడితే చేతిలో కప్పు జారిపోయింది. పగటిపూట కూడా గొళ్ళెం పెట్టుకుంటోంది. కంచం ముందు కూర్చుంటుంది, నేను తిని లేచేసరికి ఆమె కంచం అలాగే ఉంటుంది.

ఆదివారం నాడు దారం కొనాలని బయల్దేరింది. తప్పే, కానీ వెనకాలే వెళ్ళాను. దారం కొట్టు దాటి, రెండు వీధులు దాటి, ఒక కళ్ళద్దాల కొట్టు ఎదురుగా ఆగింది. లోపల ఒకావిడ ఫ్రేము బిగిస్తోంది. మీ అక్క రోడ్డుకి ఇవతల పావుగంట నిలబడింది. ఆవిడ తలెత్తేసరికి గిరుక్కున తిరిగి వచ్చేసింది. ఇంటికొచ్చి నాకు మాత్రం దారం దొరకలేదని చెప్పింది.

నాకు చదువు లేదు గానీ ఇంజను ఎక్కడో కొట్టుకుంటోందంటే చెవికి తెలుస్తుంది. నిజం చెప్పు. ఇంటికి రాయకు, డిపోకి రాయి. మీ అక్కకి ఏం రాసినా నా చేతుల మీదుగా ఇస్తాను.

బావ

*

హాస్టల్
సెప్టెంబరు 25

అక్కా,

బావ పేర డిపోకి పంపుతున్నాను, ఎవరూ విప్పరు.

ఫైలు మార్చమని అడగడానికి ఆయన గదికి వెళ్ళాను. తలెత్తకుండానే "ఎందుకు?" అన్నారు. కష్టంగా ఉంది సార్ అన్నాను. "కష్టమని ఎలా తెలుసు? తొమ్మిదికి తొమ్మిదీ సులువైన ఫైళ్ళే. నేనే ఏరి పెట్టాను." మార్చలేదు.

తలుపు దాకా వచ్చాక వెనక్కి పిలిచి, నేను జూలైలో రాసిన వ్యాసం ఇచ్చారు. అంచున ఆయన చేత్తో "చూశాను. సరిగా లేదు" అని ఉంది. గదికొచ్చి తొమ్మిదో ఫైలు తీశాను. ఉత్తర్వు అంచున "చూశాను. సరిగా ఉంది" అని ఉంది, సంతకం మీద సిరా పూశారు గానీ ఆ మాటల మీద పూయలేదు. రెండూ ఒకే చేయి అక్కా. అదే 'శ', అదే తోక. గదిలో అమ్మాయిని అడిగితే, కాలేజీకి రాకముందు ఆయన ప్రభుత్వానికి న్యాయ సలహాదారుగా చేశారని చెప్పింది.

నేను క్లాసులో లేచి తప్పు చూపించబోయేది, ఆ తప్పు మీద సంతకం పెట్టిన మనిషికే. ఆయన నన్ను ఏమైనా చెయ్యగలరు. గేటు దగ్గర ఎవరు నిలబడినా నాకోసమే అనిపిస్తోంది. నిన్న లైబ్రరీలో ఒకాయన నా పక్కన కూర్చుని పేపరు తిరగెయ్యకుండా అరగంట ఒకే పేజీ చూశాడు. పేజీ అంత బాగుందేమో. నాకు మాత్రం చెమట పట్టింది.

ఒకటి అడుగుతాను. తప్పించుకోకుండా చెప్పు. టై.6 ఎవరక్కా?

చెల్లి

*

డిపో నుంచి, బావ చేతుల మీదుగా
అక్టోబరు 4

చెల్లీ,

నేనే. ఆరో నంబరు బల్ల నాది.

ఆ రోజు ఒంట్లో బాగాలేదనో, ఇంట్లో ఏదో జరిగిందనో రాయాలని చాలాసేపు కూర్చున్నాను. అలాంటిదేమీ లేదు. ఒంట్లో బాగానే ఉంది. పద్నాలుగు ఉత్తర్వులు సాయంత్రంలోగా కావాలన్నారు. సరిచూసే ఆవిడ టీకి వెళ్ళింది. నాకు తప్పులు రావని నాకు పేరు. ఆవిడ రాకుండానే సరిచూసినట్టు ఆవిడ గడిలో కూడా నేనే టిక్కు పెట్టాను. మా ఇద్దరికీ అది అలవాటే. ఆవిడా నాకు పెట్టేది.

ఇంతవరకే అయితే నిన్ను ఎదురుగా చూసి చెప్పగలిగేదాన్ని. ఎనిమిది నెలల తర్వాత అతని భార్య అర్జీ పెట్టుకుంది. తిరస్కరిస్తూ జవాబు టైపు చెయ్యమని సూపరింటెండెంటు నా బల్ల మీద పెట్టాడు. అర్జీలో ఆవిడ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: అయ్యా, మాది డెబ్బై ఒకటి. మీరు వెతుకుతున్న అచ్చాఫీసు మనిషి పదిహేడులో ఉండేవాడట, ఆ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడట.

అప్పుడు తెలిసింది నాకు. పాత నకలు తీసి చూసుకున్నాను. కుర్చీలో కూర్చోలేకపోయాను. తర్వాత కూర్చున్నాను. తిరస్కారం టైపు చేశాను. ఒక్క తప్పు లేకుండా వచ్చింది.

చెబితే ఉద్యోగం పోతుంది, నీ చదువు ఆగిపోతుంది అనుకున్నాను. నీ పేరు చెప్పి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నీ పేరు లేకపోతే ఇంకొకటి వెతుక్కునేదాన్ని.

మీ బావకి నిన్న చెప్పాను. బయటికెళ్ళి సైకిలు విప్పి మళ్ళీ బిగించాడు.

నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ క్లాసులో చెప్పకు. నాకు జైలంటే భయం. ఆ కాగితాల్లో జైళ్ళ గురించి ఏమేం ఉంటాయో వేళ్ళకి గుర్తులేదని నీకు రాశాను కదా. అబద్ధం. అన్నీ గుర్తున్నాయి.

అక్క

*

హాస్టల్
అక్టోబరు 19

అక్కా,

అయిపోయింది. చెప్పలేదు.

పేరు పిలవగానే లేచాను. దేశ క్షేమం, ముందుజాగ్రత్త, రహస్య సమాచారం, అధికారి విచక్షణ, నువ్వు టైపు చేసే మాటలన్నీ వరసగా పేర్చాను. గొంతు వణకలేదు, అదే నాకు ఆశ్చర్యం. నలభై నిమిషాలు నిలబడ్డాను. ఆయన ఆపలేదు. చివర్లో ఒకే ఒక ప్రశ్న అడిగారు.

"పట్టుకున్నది ఆ మనిషినే అని ఎలా తెలుసు?"

నువ్వు గుర్తొచ్చావు. కాగితాల్ని అరచేత్తో కప్పి, "అధికారులు సరిచూసుకున్నారు సార్. ఫైలు మీద రాసి ఉంది" అన్నాను.

పుస్తకం మూసి, "బాగా వాదించారు" అన్నారు. ఈ ఏడాది ఆయన నోట ఆ మాట ఎవరూ వినలేదు. క్లాసు చప్పట్లు కొట్టింది. గదిలో అమ్మాయి నాకు టీ ఇప్పించింది.

నువ్విక భయపడకు. తలుపు గొళ్ళెం తీసి కాస్త గాలి పోసుకో. అన్నం తిను. నేను బాగానే ఉన్నాను. వకీలు పని నాకు వస్తుందనే అనుకుంటున్నాను.

చెల్లి

*

డిపో నుంచి
అక్టోబరు 28

చెల్లీ,

నీ ఉత్తరం వచ్చినప్పుడు ముందు నాకు ఎంత హాయిగా అనిపించిందో దాచను. మీ బావకి చదివి వినిపించాను. "ఒక్క తప్పు లేకుండా చెప్పిందన్నమాట" అన్నాడు. ఆ మాట ఎక్కడో తగిలింది. మళ్ళీ చదివాను. నా తిరస్కారం కాగితమే నీ నోటి నుంచి వినిపించింది. నేను ఆ కుర్చీలో కూర్చోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. నిన్ను ఒక్క ఉత్తరంతో కూర్చోబెట్టేశాను.

ఆదివారం పొద్దున ఆ కొట్టుకి వెళ్ళాను. ఈసారి రోడ్డు దాటాను. మీ బావ బయట సైకిలు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరికమ్మా కళ్ళద్దాలు?" అందావిడ.

"నేను టైపిస్టుని" అన్నాను. తర్వాత అంతా చెప్పాను. ఆవిడ ఫ్రేముకి మర బిగిస్తూనే వింది. చిన్న మర, గోటి మీద పట్టేంత. మూడుసార్లు జారిపోయింది, మూడుసార్లూ వెతికి తీసింది.

"ఆయన మీద ఎన్నిసార్లు టైపు చేశావు?"

లెక్కేసుకున్నాను. ఉత్తర్వు, అర్జీకి జవాబు, ఆ తర్వాతి పొడిగింపులు మూడు; మొదటి పొడిగింపు వేరే బల్లకి వెళ్ళింది. "అయిదు."

"అయిదుసార్లూ నీకు భయమేసిందా?"

"మొదటిసారి వెయ్యలేదు. అప్పుడు తెలీదు."

"నాకు అన్నిసార్లూ వేసింది" అంది. తిట్టలేదు, కొట్టలేదు. తిడితే బాగుండునని నిలబడ్డాను. "కూర్చోమని అనను. ఆ బల్ల మీద కాగితాలున్నాయి. నిలబడే రాయి."

నిలబడే రాశాను. మూడు పేజీలు. టిక్కు సంగతి, అర్జీ సంగతి, అన్నీ. పేరు పెట్టి సంతకం చేశాను. ఆవిడ వకీలు దాన్ని సమీక్ష మండలి ముందు పెడతాడట. రహస్యాలు బయటపెట్టినందుకు నామీద కేసు పెడతారని కూడా ఆవిడే చెప్పింది. మీ బావ సైకిలు మీద కూర్చోబెట్టుకుని తొక్కుతుంటే చిన్నపిల్లలా చొక్కా పట్టుకుని కూర్చున్నాను.

నిన్ను చెప్పొద్దన్నాను కదా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అక్క

*

హాస్టల్
నవంబరు 6

అక్కా,

ఈరోజు ఆయన క్లాసు మొదలుపెట్టకముందే లేచి నిలబడ్డాను. "సార్, పోయిన నెల నేను చెప్పింది తప్పు."

"ఎలా తెలుసు?"

నివేదిక ఒక చేత్తో, ఉత్తర్వు ఒక చేత్తో పట్టుకుని చదివాను. ఒకటి, ఏడు. ఏడు, ఒకటి. అచ్చాఫీసు పని. కళ్ళద్దాల పని. ఆయన ఫైలు ఇమ్మన్నారు. వేలు పెట్టి చదివారు. మళ్ళీ చదివారు. చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టారు, ఎందుకో తెలీదు. కుర్చీ వెనక్కి జరిగి కూర్చున్నారు. క్లాసులో ఆయన కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"అక్టోబరులో మీకిది తెలుసా?"

"తెలుసు సార్."

"ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది సార్. టైపు చేసింది మా అక్క. ఆవిడ ఇప్పటికే మండలికి రాసిచ్చింది."

ఫైలు బయటపెట్టనని నేను సంతకం చేశానని, దానికి నన్ను కాలేజీ నుంచి పంపెయ్యొచ్చని గుర్తుచేశారు. బెదిరింపులా లేదు, పాఠంలా చెప్పారు. తర్వాత అంచున ఉన్న అక్షరాల మీద వేలు పెట్టి అందరికీ చూపించారు.

"ఈ 'చూశాను' రాసింది నేను. నేను చూడలేదు."

తలుపు దగ్గర ఆగి నాతో అన్నారు: "మీ అక్కగారికి చెప్పండి, సరిచూడాల్సింది ఆవిడ ఒక్కతే కాదని." వెళ్ళిపోయారు. గడియారం బల్ల మీదే ఉండిపోయింది. ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

ప్రిన్సిపాలు రేపు రమ్మన్నారు. నాకు ఇంకా భయంగానే ఉంది అక్కా, కానీ అక్టోబరు నాటి భయం కాదు ఇది. దీంతో అన్నం తినగలుగుతున్నాను.

చెల్లి

*

డిపో వెనక వీధి, కొత్త గది
డిసెంబరు 11

చెల్లీ,

నెలాఖరు పరీక్ష దాకా కాలేజీలో ఉండనిచ్చారని చదివి ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత చూద్దాం.

నన్ను ఉద్యోగం నుంచి ఆపారు. క్వార్టర్స్ ఖాళీ చేశాం. ఇక్కడ ఒకటే గది, పొద్దున్నే బస్సులు స్టార్టు చేస్తే గిన్నెలు కదులుతాయి. మీ బావకి ఆ చప్పుడులో నిద్ర బాగా పడుతోంది. కేసు జనవరిలో. వకీలు శిక్ష పడొచ్చనీ అనడు, పడదనీ అనడు. మెట్ల మీద బూట్ల చప్పుడైతే ఇప్పటికీ నా చేతిలో పని ఆగిపోతుంది.

మండలి ముందు నా మూడు పేజీలతో పాటు మీ ప్రొఫెసరు పంపిన కాగితం కూడా చదివారట. ఒక్క పేజీయే, చేత్తో రాసిందట. గంటలో తేల్చేశారని ఆవిడ వకీలు చెప్పాడు. నిన్న అతన్ని వదిలారు.

వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళాను. జైలు గేటుకి ఎదురుగా పెద్ద ఖాళీ స్థలం ఉంది. ఒక చివర అతని భార్య నిలబడింది. నేను ఇంకో చివర, గోడ వారన నిలబడ్డాను. ఆవిడ నన్ను చూసింది, పొమ్మనలేదు.

పదకొండు గంటలకి చిన్న తలుపు తెరిచారు. సంచీ పట్టుకుని ఒక మనిషి వచ్చాడు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. పట్టుకున్న రోజే అతని కళ్ళద్దాలు విరిగిపోయాయట, మళ్ళీ ఇవ్వలేదట. ఈ రెండున్నరేళ్ళూ అతనికి లోకం మసకే. ఆ సంగతి నాకు తెలీదు. ఏ కాగితంలోనూ రాలేదు.

దూరంగా ఇద్దరు ఆడవాళ్ళ ఆకారాలు కనిపించి ఉంటాయి. కాసేపు తటపటాయించి, నావైపు నడిచి వచ్చాడు. నాకు పరుగెత్తాలనిపించింది. గోడ పట్టుకుని నిలబడ్డాను. బారెడు దూరంలో ఆగి నవ్వాడు. "చాలాసేపయిందా వచ్చి?" అన్నాడు.

"నేను కాదండీ" అన్నాను. "ఆవిడ అక్కడున్నారు."

"ఎటు?" అన్నాడు.

నా చెయ్యి చాచాను. అతను పట్టుకున్నాడు. గరుకు చెయ్యి, చల్లగా ఉంది. ఆ ఖాళీ స్థలమంతా నడిపించుకుంటూ తీసుకెళ్ళి, ఆవిడ చేతిలో పెట్టాను.

అక్క